ఎల్‌ఎస్ కూడా పలకని రాత్రి: ఎన్‌సీఎల్, లిబ్‌జీఫోర్ట్రాన్ కేసు

"సార్, ఎల్‌ఎస్ కొట్టినా పనిచేయడం లేదు."

రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చిన ఫోన్‌లో మొదటి మాట ఇది. కోస్తాలోని ఒక యూనివర్సిటీలో వాతావరణ శాస్త్ర విభాగం కంప్యూటర్లు చూసుకోవడం నా పని. సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదని, కంపైలర్ గోల పెడుతోందని ఫోన్లు రావడం మామూలే. ఎల్‌ఎస్ పనిచేయడం లేదన్న ఫోన్ మాత్రం అదే మొదలు. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే కమాండ్ అది. అది కూడా మొరాయించిందంటే ఎవరో గట్టిగానే కెలికారన్నమాట.

"ఏం చేశావమ్మా?" అని అడిగాను.

"నేనేం చేయలేదు సార్. ల్యాబ్‌లో అన్నయ్య బ్యాష్ఆర్‌సీలో ఒక లైన్ పెట్టాడు, అంతే."

బ్యాష్ఆర్‌సీ అంటే టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ దానంతట అదే నడిచే సెట్టింగుల ఫైలు. అంతే అన్న మాట వెనక ఎంత ఉంటుందో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ సాయంత్రం ఆరు నుంచి ఏం జరిగిందో అడిగి రాసుకున్నాను. ఈ కేసులో కీలకమంతా ఆ వరసలోనే ఉంది. (కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే.)

అంతకుముందు

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను మీద ఆ అమ్మాయి పీహెచ్‌డీ. డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ మోడల్‌తో ఆ గాలినీ వాననూ కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించి, అప్పుడు నిజంగా నమోదైన లెక్కలతో పోలుస్తుంది. మోడల్ ఇచ్చే నెట్‌సీడీఎఫ్ ఫైళ్ల నుంచి బొమ్మలు గీయడానికి ఎన్‌సీఎల్ వాడుతుంది. అమెరికాలో బౌల్డర్‌లోని ఎన్‌కార్ సంస్థ తయారుచేసిన భాష అది. వాతావరణం వాళ్లు ఒక తరం పాటు దాన్నే నమ్ముకున్నారు. ఇకపై పైథాన్ వైపు వెళ్తామని 2019లో ఎన్‌కార్ ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన 6.6.2 తర్వాత ఎన్‌సీఎల్‌లో కొత్తగా చేరింది లేదు. కానీ స్క్రిప్టులు ఆగవు కదా. సీనియర్ రాసింది జూనియర్‌కు, అక్కడి నుంచి వాళ్ల జూనియర్‌కు దిగుతూనే ఉంటాయి.

ఆ మెషీన్‌లో ఉన్న లైనక్స్ సెంటాస్ 7. 2024 జూన్ 30తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో ఆ వర్క్‌స్టేషన్‌ను ఇంకో లైనక్స్‌కు, ఉబుంటు 22.04కు మార్చాను. పాత డిస్కును పారేయకుండా రెండో డిస్కుగా తగిలించి ఉంచాను. పాత ఆప్ట్ ఫోల్డర్‌లోని ఎన్‌సీఎల్‌ను ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి కాపీ చేశాను. తప్పు అక్కడే జరిగింది, చేసింది నేనే. కాపీ చేశాక ఒక్కసారి నడిపి చూసినా సరిపోయేది. చూడలేదు. ఆ అమ్మాయి అప్పట్లో రాతపనిలో ఉంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియలేదు.

తర్వాత పేపర్ రివ్యూ నుంచి తిరిగొచ్చింది. ఒక బొమ్మకు కలర్ స్కేల్ మార్చి మళ్లీ గీయమన్నారు. ఇక రెండు రోజులే గడువు. ఎన్‌సీఎల్ అని కొడితే వచ్చింది ఇది: "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్".

మంచి మనసుతో చేసిన రెండు పనులు

ఎస్ఓ అని ఉన్నవి షేర్డ్ లైబ్రరీలు, అంటే చాలా ప్రోగ్రాంలు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్లు. పక్క సీటు అన్నయ్య సాయానికి వచ్చాడు. వెతికితే సిస్టమ్‌లో లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.5 కనిపించింది. పేరు ఒకటే, చివరి అంకె మాత్రం వేరు. ఎస్ఓ.3 అని అడిగితే ఎస్ఓ.5 అందేలా ఒక సింబాలిక్ లింక్, అంటే మారుపేరు లాంటిది, పెట్టాడు. మళ్లీ నడిపితే ఎర్రర్ మారింది. ఈసారి లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.10 లేదంది.

ఎర్రర్ మారితే ఒక అడుగు ముందుకు పడ్డట్టే అనిపిస్తుంది. అతనికీ అలాగే అనిపించింది. నిజానికి మొదటి సమస్య తీరనే లేదు. ప్రోగ్రాం మొదలవగానే, దాన్నీ దాని లైబ్రరీలనూ మెమరీలోకి ఎక్కించే లోడర్ ముందు కావలసిన ఫైళ్లన్నీ పేర్లను బట్టి పోగేసుకుంటుంది. ఒక పేరు దొరక్కపోతే అక్కడే ఆగి ఆ ఒక్క పేరే చెబుతుంది. పేర్లన్నీ దొరికాకే లోపలి వెర్షన్లు సరిపోయాయా లేదా అని చూస్తుంది. లింకు పెట్టడంతో పేరు దొరికింది, లోపలి సరుకు తనిఖీ దాకా రాకుండానే లోడర్ తర్వాతి పేరు దగ్గర ఆగిపోయింది.

ఇలా ఒక్కొక్కటి ఎన్నని వెతకడం అనుకుని, పాత డిస్కులోని లిబ్64 ఫోల్డర్ మొత్తాన్ని ఆ అమ్మాయి హోమ్‌లోకి కాపీ చేశాడు. లైబ్రరీలను ముందు ఎక్కడ వెతకాలో లోడర్‌కు చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌ను బ్యాష్ఆర్‌సీలో దానివైపు తిప్పాడు. కొత్త టెర్మినల్ తెరిచి ఎన్‌సీఎల్ కొడితే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని కూలిపోయింది. ఎల్‌ఎస్ కొడితే జీలిబ్‌సీ 2.34 వెర్షన్ దొరకలేదని. నానో, గ్రెప్, పైథాన్, ఏది కొట్టినా అదే పాట.

ఎందుకంటే ఆ ఫోల్డర్‌లో జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ ఫైలు లిబ్‌సీ.ఎస్ఓ.6 కూడా ఉంది. లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ నిలబడేది దాని మీదే. సెంటాస్ 7లో ఉన్నది జీలిబ్‌సీ 2.17, ఉబుంటు 22.04లో ఉన్నది 2.35. కొత్త ఎల్‌ఎస్‌కు పాత లిబ్‌సీ చాలదు. పాత ఎన్‌సీఎల్‌కు ఆ లిబ్‌సీ చాలినా, దాన్ని లోడ్ చేసే లోడర్ మాత్రం కొత్తది. జీలిబ్‌సీలో లోడరూ లిబ్‌సీ ఒకే ఈడుజోడు ఉండాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే లోపలి లెక్కలు కుదరవు. అందుకే అక్కడ సెగ్మెంటేషన్ ఫాల్ట్.

ఫోన్‌లోనే సరిచేయించాను. ఆ పరిస్థితిలో కూడా బ్యాష్ లోపలే ఉండే కమాండ్లు పనిచేస్తాయి, వాటికి బయటి ఫైలు అక్కర్లేదు. "అన్‌సెట్ ఎల్‌డీ లైబ్రరీ పాత్ అని కొట్టు" అన్నాను. కొట్టింది.

"ఇప్పుడు ఎల్‌ఎస్ కొట్టు."

"అమ్మయ్య, వచ్చింది సార్."

నానో ఎడిటర్‌లో బ్యాష్ఆర్‌సీ తెరిపించి ఆ లైన్ తీయించాను. ఆ అమ్మాయికి టెన్షన్ తగ్గింది, నాకు మొదలైంది. బొమ్మ ఇంకా గీయాలి కదా.

ఎల్‌డీడీ చెప్పింది, చాలామంది చదవనిది

ఇంటి నుంచే లాగిన్ అయి, ఎన్‌సీఎల్ ఫైలు మీద ఎల్‌డీడీ నడిపాను. ఒక ప్రోగ్రాంకు ఏ లైబ్రరీలు కావాలో, ఒక్కొక్కటి ఎక్కడ దొరికిందో వరసగా చెప్పే కమాండ్ ఇది. లోడర్‌లా మొదటి లోపం దగ్గర ఆగిపోదు, అన్నీ ఒకేసారి చూపిస్తుంది. ఆ సాయంత్రం ఆరింటికే ఇది నడిపి ఉంటే సగం కథ తప్పేది.

లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.10, లిబ్‌క్రిప్టో.ఎస్ఓ.10 పక్కన "నాట్ ఫౌండ్" అని ఉంది. లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3 పక్కన మాత్రం బాణం గుర్తు, దాని తర్వాత శుభ్రంగా ఒక పాత్. చూస్తే అంతా బాగున్నట్టే ఉంది. కానీ జాబితా మొదలయ్యే ముందు, అన్నిటికన్నా పైన, ఒక లైన్ ఉంది: వెర్షన్ జీఫోర్ట్రాన్ 1.0 నాట్ ఫౌండ్. నాట్ ఫౌండ్ కోసం బాణాల పక్కనే వెతికేవాళ్లు ఈ పై లైన్‌ను దాటేస్తారు. లింకు అబద్ధమని చెప్పిన సాక్షి ఆ ఒక్క లైనే.

అసలు ఆ 3 ఏమిటి, 5 ఏమిటి? లిబ్‌జీఫోర్ట్రాన్ అంటే ఫోర్ట్రాన్ భాషలో రాసిన ప్రోగ్రాంలు నడిచేటప్పుడు కావలసిన సామాను: చదవడం, రాయడం, అరేల (అంకెల వరసల) పనులు వగైరా. దాన్ని ఇచ్చేది జీసీసీ అనే కంపైలర్. జీసీసీ 4.3 నుంచి 6 వరకు దాని నంబరు 3. జీసీసీ 7లో 4 అయింది. జీసీసీ 8 నుంచి 5. సెంటాస్ 7లో జీసీసీ 4.8.5 ఉంటుంది కాబట్టి అక్కడ కట్టిన ఎన్‌సీఎల్ 3 అడుగుతుంది. ఉబుంటు 22.04 ఇచ్చేది 5 ఒక్కటే. కాబట్టి ఈ ఎర్రర్ చదవడం తెలిసినవాడికి "ఒక ఫైలు లేదు" అన్న సంగతి కన్నా "నేను జీసీసీ 7 రాకముందు పుట్టాను" అన్న సంగతే ముందు వినిపిస్తుంది.

నంబరు ఊరికే మార్చరు. జీసీసీ 8లో అరే గురించిన సమాచారం మెమరీలో పేర్చే పద్ధతే మారింది, అరేకు 15 డైమెన్షన్ల దాకా ఉండేలా. స్ట్రింగ్ పొడవును కనపడకుండా పంపే ఆర్గ్యుమెంట్ కూడా మామూలు ఇంటీజర్ నుంచి సైజ్‌టీకి మారింది. 64 బిట్ మెషీన్‌లో అది 4 బైట్ల నుంచి 8 బైట్లు. పాత ప్రోగ్రాం 4 బైట్లే నింపి పంపితే, కొత్త లైబ్రరీ 8 చదువుతుంది. మిగతా 4లో ఏ చెత్త ఉంటే అదే పొడవులో కలిసిపోతుంది. లింకు పెడితే ఇదంతా జరిగేదే. జరగకపోవడానికి కారణం లిబ్‌జీఫోర్ట్రాన్ రాసినవాళ్లు ప్రతి ఫంక్షన్‌కూ వెర్షన్ ముద్ర వేయడం: 3లో జీఫోర్ట్రాన్ 1.0, 5లో జీఫోర్ట్రాన్ 8. ముద్ర సరిపోదు కాబట్టి, పేర్లన్నీ దొరికినా గేటు దగ్గరే ఆపేస్తారు. అన్ని లైబ్రరీలూ ఇలా ముద్ర వేయవు. వేయని వాటి దగ్గర ఇలాంటి లింకు పెడితే ప్రోగ్రాం నడుస్తుంది కూడా, వచ్చే అంకెలు తప్పుగా ఉండొచ్చు. తుపాను వానపాతం మీద పేపర్ రాసేవాళ్లకు ఆగిపోయిన ప్రోగ్రాం కన్నా అదే ప్రమాదం.

ముందు ఆ లింకు తీసేశాను. ఇలాంటివి ఉంచితే ఏడాది తర్వాత ఇంకెవరో దీని మీద కాలేసి పడతారు.

ఆ రాత్రికి మందు

ఎస్ఎస్ఎల్ సంగతి తేలిగ్గానే తేలింది. ఎన్‌సీఎల్ 6.6.2 రెడీమేడ్ ఫైళ్లు రెండు రకాలుగా ఇచ్చారు: ఓపెన్‌డ్యాప్ ఉన్నవి, లేనివి. ఇంటర్నెట్‌లో దూరపు సర్వర్ల మీది డేటాను నేరుగా చదవాలంటేనే ఓపెన్‌డ్యాప్ కావాలి, దానికోసమే ఈ ఎస్ఎస్ఎల్ లైబ్రరీలు. ఈ అమ్మాయి ఫైళ్లన్నీ లోకల్ డిస్కులోనే ఉన్నాయి. ఎస్ఓ.10 అంటే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0 కాలం సరుకు, దాని చివరి శాఖ 1.0.2కు కూడా మద్దతు 2019 చివరికే ముగిసింది. వాడని సదుపాయం కోసం గడువు తీరిన సెక్యూరిటీ లైబ్రరీని మోసుకురావడం నాకు నచ్చదు. ఓపెన్‌డ్యాప్ లేని ఫైలు తెచ్చి పెట్టాను. ఎల్‌డీడీలో మిగిలిన లోపం ఇప్పుడు ఒక్కటే, లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3.

అది పాత డిస్కులోనే ఉంది. జీలిబ్‌సీ వెనకటి వాటితో కలిసిపోతుంది కాబట్టి, పాత జీలిబ్‌సీ మీద కట్టిన లైబ్రరీ కొత్త దాని మీద నడుస్తుంది. తిరగేస్తేనే నడవదు. లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3కు లిబ్‌క్వాడ్‌మ్యాత్ కూడా కావాలి, కానీ దాని నంబరు 0 దగ్గరే ఉంది, మారలేదు. ఉబుంటులో ఉన్నదే సరిపోయింది. అంటే పాత లిబ్64 ఫోల్డర్ నుంచి నిజంగా కావలసింది ఒకే ఒక్క ఫైలు. అన్నయ్య తెచ్చింది ఊరంతా.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలి? సిస్టమ్ లైబ్రరీల మధ్యలో పెట్టను. అందరికీ కనిపించే చోట పాత ఫైలు ఉంటే రేపు ఎవరి ప్రోగ్రాం ఏది పట్టుకుంటుందో చెప్పలేం. ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లోనూ పెట్టను. అది ఆ టెర్మినల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రాంకూ అంటుకుంటుంది. అడిగింది ఎన్‌సీఎల్ ఒక్కటే, కాబట్టి అది ఒక్కటే చూసే చోట ఉండాలి. ఎన్‌సీఎల్ ఫోల్డర్‌లోనే కంపాట్ అని ఒక సబ్‌ఫోల్డర్ చేసి ఆ ఫైలును అందులో పెట్టాను. ప్యాచ్‌ఎల్ఫ్ అనే చిన్న టూల్‌తో, "నీ పక్కనున్న కంపాట్‌లో కూడా వెతుక్కో" అన్న మాటను ఎన్‌సీఎల్ ఎగ్జిక్యూటబుల్‌లోనే రాశాను. నిక్స్‌ఓఎస్ వాళ్ల దగ్గర పుట్టిన టూల్ ఇది. ప్రోగ్రాం ఎక్కడుందో అక్కడి నుంచి లెక్క పెట్టమనడానికి డాలర్ ఆరిజిన్ అని రాస్తారు. ఫోల్డర్ మొత్తం ఇంకోచోటికి మార్చినా పనిచేస్తుంది.

డాలర్ ఆరిజిన్‌ను సింగిల్ కోట్స్‌లో పెట్టకపోతే బ్యాష్ దాన్ని తన వేరియబుల్ అనుకుంటుంది. అలాంటి వేరియబుల్ లేదు కాబట్టి ఖాళీ పెట్టేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. నేను ఆ రాత్రి డబుల్ కోట్స్ పెట్టి పావుగంట తల పట్టుకున్నాను. రీడ్‌ఎల్ఫ్ అనే కమాండ్‌తో ఫైలు లోపలి రన్‌పాత్ (లైబ్రరీలు వెతికే దారి) చూస్తే "/../కంపాట్" అని మొండెం మాత్రమే ఉంది, తల లేదు. ప్యాచ్ చేశాక రీడ్‌ఎల్ఫ్‌తో ఒకసారి చూడటం అప్పటి నుంచి అలవాటైంది.

పదకొండున్నరకు ఎన్‌సీఎల్ లేచింది. ముందు బొమ్మ గీయలేదు. పాత బొమ్మకు ఆధారమైన 24 గంటల వానపాతంలో గరిష్ఠం, కనిష్ఠం ప్రింట్ చేయించి, పేపర్‌లో ఉన్న అంకెలతో కలిపి చూడమన్నాను. కలిశాయి. తర్వాత కొత్త రంగులతో బొమ్మ గీసి, పన్నెండు దాటాక మెసేజ్ పెట్టింది: "వచ్చేసింది సార్, థ్యాంక్యూ."

అదే ఎర్రర్, మళ్లీ

ఆ ఏర్పాటు ఒక మనిషికి, ఒక పేపర్‌కు చాలు. ల్యాబ్ మొత్తానికి ఇంకా నిలకడైనది కావాలి. కాండా అనే ఇన్‌స్టాలర్‌కు ప్యాకేజీలు ఇచ్చే కాండా ఫోర్జ్‌లో ఎన్‌సీఎల్ ఉంది, దానికి కావలసిన లైబ్రరీలన్నీ అదే ఎన్విరాన్‌మెంట్‌లోకి (విడిగా ఉండే ఫోల్డర్‌లోకి) వస్తాయి, సిస్టమ్‌తో పేచీ ఉండదు. ఎన్‌సీఎల్‌కు విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ కట్టి, అందరూ దాన్నే వాడమని బోర్డు మీద రాశాను. పైథాన్ పనులున్న ఎన్విరాన్‌మెంట్‌లోనే దీన్నీ కలపొద్దని కింద గీత గీసి మరీ రాశాను. కలిపితే వెర్షన్ల పంచాయితీకే ఒక పూట పోతుంది.

మూడు వారాలకు ఆ అమ్మాయి జూనియర్ వచ్చాడు. కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో అక్క స్క్రిప్ట్ నడిపితే లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3 లేదంటోందట. నమ్మలేదు. ఎన్‌సీఎల్ మీద ఎల్‌డీడీ నడిపితే అంతా శుభ్రం, 5 అడుగుతోంది, 5 దొరుకుతోంది. మరి 3 అడుగుతున్నది ఎవరు?

అతను పంపిన స్క్రీన్‌షాట్‌ను మళ్లీ చదివాను. ఎన్‌సీఎల్ లేస్తోంది, స్క్రిప్ట్ నాలుగు లైన్లు నడుస్తోంది, ఆ తర్వాతే ఎర్రర్. లేవకముందు వచ్చే లోపం వేరు, లేచాక వచ్చేది వేరు. ఎల్‌డీడీ చూపించేది ప్రోగ్రాం పుట్టుకతో అడిగే లైబ్రరీలనే. నడుస్తూ మధ్యలో తెరుచుకునేవి దానికి తెలియవు. ఎల్‌డీ డీబగ్ అనే వేరియబుల్‌కు ఫైల్స్ అని విలువ ఇచ్చి నడిపితే, ఏ ఫైలు ఎవరు అడిగితే వచ్చిందో లోడర్ స్వయంగా చెబుతుంది. వందల లైన్లు వస్తాయి. ఒక ఫైల్‌లోకి పంపి, మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌తో ఎస్ఓ.3 కోసం వెతికాను. ఒకే లైన్ దొరికింది, చివర "నీడెడ్ బై" అని అక్క ఫోల్డర్‌లోని ఒక చిన్న ఎస్ఓ ఫైలు.

అప్పుడు గుర్తొచ్చింది ర్యాపిట్. సొంత ఫోర్ట్రాన్ రొటీన్లను ఎన్‌సీఎల్ నుంచి పిలుచుకునేలా ఎస్ఓ ఫైలుగా కట్టిచ్చే టూల్ అది, ఎన్‌సీఎల్‌తోనే వస్తుంది. ఈ ఫైలు సెంటాస్ 7 రోజుల్లో కట్టింది, అంటే 4.8.5 సంతానం. అక్క దగ్గర ఎందుకు ఇబ్బంది రాలేదంటే, ఆమె వాడింది నేను ప్యాచ్ చేసిన పాత ఎన్‌సీఎల్. అది లేచేటప్పుడే ఎస్ఓ.3ను లోపలికి తెచ్చుకుంది, తర్వాత వచ్చిన చిన్న ఫైలుకు అదే అందింది. కాండా ఎన్‌సీఎల్‌లో ఆ 3 లేదు.

ఈ చిన్న ఫైలుకు కూడా ప్యాచ్‌ఎల్ఫ్ వేసి 3ను అంటగట్టొచ్చు. కానీ అప్పుడు ఒకే ప్రోగ్రాంలో రెండు ఫోర్ట్రాన్ రన్‌టైమ్‌లు ఉంటాయి, ఎవరు తెరిచిన ఫైలు వాళ్లకే తెలుస్తుంది. సోర్స్ ఉంటే మళ్లీ కట్టడమే మంచిది. సోర్స్ ఎక్కడుందంటే అక్కకూ తెలియదు. ఆమెకు అది వాళ్ల సీనియర్ నుంచి ఎస్ఓ రూపంలోనే వచ్చింది. ఆ సీనియర్ ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నారు. రెండు రోజుల తర్వాత పాత మెయిల్లో వెతికి పట్టుకుని పంపారు, నలభై లైన్లు కూడా లేని ఫోర్ట్రాన్ ఫైలు. కొత్త ఎన్‌సీఎల్‌తో ర్యాపిట్ నడిపితే నిమిషంలో కట్టేసింది. దాని ఫలితాన్ని పాత ఏర్పాటు ఫలితంతో పక్కపక్కన పెట్టి తేడా తీయమన్నాను. సింగిల్ ప్రెసిషన్‌లో చివరి అంకెల దగ్గర తప్ప ఎక్కడా తేడా లేదు. అక్క థీసిస్ అయ్యేదాకా ఆమెను పాత ప్యాచ్ ఫోల్డర్‌లోనే ఉంచాను, జూనియర్లందరినీ కాండాకు మార్చాను.

ఆ శనివారం ఇంకో పని పెట్టుకున్నాను. ఆ మెషీన్‌లో అందరి హోమ్ ఫోల్డర్లలోని బ్యాష్ఆర్‌సీల్లో ఎల్‌డీ లైబ్రరీ పాత్ కోసం గ్రెప్ చేశాను. ఏడుగురి దగ్గర దొరికింది. ఎందుకు పెట్టారో ఆరుగురికి గుర్తులేదు. ఏడోది నాది, పైన కామెంట్‌లో 2016 అని ఉంది. అది చూపించే ఫోల్డర్ ఏ డిస్కులోనూ లేదు.